గాలికి రాలిన ఆపిల్ కాయలు

వరహాలమ్మను ఎవరైనా ఏదైనా అడిగితే ఆవిడ వెంటనే జవాబు చెప్పదు. అడిగినవాళ్ల ముందుకి కత్తిపీట జరిపి, "ముందిది తరుగు" అంటుంది. తరిగే లోపల సగం ప్రశ్నలు వాటంతటవే పోతాయని, పోనివాటికి జవాబు తరిగినదాంట్లోనే దొరుకుతుందని ఆవిడ నమ్మకం. ముప్పై ఏళ్లలో ఆవిడ దగ్గర వంట నేర్చుకుని వెళ్లిన ఆడవాళ్లు వందమందికి పైనే ఉంటారు. ఆవిడ కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టు వాళ్లలో ఒక్కరికీ గుర్తు లేదు. అయినా అందరూ ఆవిడని గురువమ్మ అనే అంటారు.

ఆ వంటిల్లు ఘాటీ రోడ్డు మొదట్లో, చీమలమెట్ట అనే చోట ఉంది. రిజర్వాయరు కట్టి ఎనిమిది ఊళ్లు ముంచినప్పుడు జనం పరిహారం కోసం రోడ్డు పక్కన పద్నాలుగు నెలలు కూర్చున్నారు. అప్పుడు పుట్టిన గంజికేంద్రం అది. పోరాటం సగం గెలిచి సగం ఓడింది. టెంట్లు పీకేశారు గానీ పొయ్యి ఆరలేదు. కొండ మీంచి ఆసుపత్రికి దిగేవాళ్లు, క్వారీలో రాళ్లు కొట్టేవాళ్లు, బస్సు తప్పిపోయినవాళ్లు, ఎవరొచ్చినా మధ్యాహ్నం పంక్తిలో విస్తరి వేస్తారు. తిన్నవాళ్లు ఏమిస్తే అది తీసుకుంటారు: నాలుగు కట్టెలు, గుప్పెడు కందులు, లేదా ఒక పూట చాకిరీ. కడుపు నిండినవాడు పొదుపు గురించి మాట్లాడితే అది కాలక్షేపం. గంజి పలచన చేసి పలచన చేసి పిల్లల్ని బతికించుకున్నవాళ్లకి అది చదువు. అక్కడ గుమ్మడి తొక్క పచ్చడవుతుంది, అరటి దూట కూరవుతుంది, బియ్యం కడిగిన నీళ్లు చారులోకి పోతాయి. పెరట్లో చెత్తగొయ్యి ఒకటి తవ్వారు గానీ అది నిండినట్టు ఎవరూ ఎరగరు.

ఆ చదువులో నూకరత్నం అందర్నీ మించింది. ఎప్పుడో ఇల్లూ పొలమూ నీళ్లకింద పోయి, చివరికి మొగుడూ పోయాక, చేతిలో ఒక ఇత్తడి చెంబుతో వచ్చింది. ఆరేళ్లయింది. ఏ జాడీలో ఏముందో, ఏ మూటకి ఎప్పుడు పురుగు పడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. ఈ వంటిల్లు తప్ప తనదనుకోడానికి ఆమెకి ఈ భూమ్మీద ఇంకేమీ లేదు. ఈ వేసవిలోనే వరహాలమ్మకి కంటి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చునే గురువమ్మను చూసినప్పుడల్లా నూకరత్నం గుండెలో ఒక్కటే మాట తిరిగేది. ఒకరోజు అడిగేసింది.

"అమ్మా, ఈ వంటిల్లు నా చేతికి ఎప్పుడిస్తారు? నాలో ఇంకేటి లోటుంది?"

వరహాలమ్మ కత్తిపీట కోసం చుట్టూ చూసింది. ఇంతలో బయట జీపు ఆగింది. కొండ మీద చింతపల్లి దగ్గర ఆపిల్ చెట్లు వేసిన కొండబాబు అనే రైతు నాలుగు బస్తాలు దింపించాడు.

"మొన్న గాలేసింది గురువమ్మా. చెట్టుమీద పదో వంతు కూడా మిగల్లేదు. కింద పడ్డవాటిని సంతలో మచ్చకాయలని ఎవరూ ముట్టుకోలేదు. పారబోద్దామంటే నాకు చేతులు రాలేదు," అన్నాడు.

కాయలు చిన్నవి, కొన్ని నిమ్మకాయంత, కొన్ని బత్తాయంత. ఒక చెంప ఎర్రన, ఒక చెంప పచ్చన. ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట దెబ్బ. వరహాలమ్మ ఒకటి కొరికి కన్ను చికిలించింది. "మామిడికాయకి తమ్ముడే," అని నూకరత్నం వైపు తిరిగింది. "నువ్వు అడిగినదానికి జవాబు ఇదిగో. నాలుగు బస్తాలు. ఒక్క కాయ గోతిలోకి పోకూడదు."

నూకరత్నానికి ఉత్సాహం వచ్చింది. ఈ పరీక్షలో తనని ఓడించేది ఏముంది? రోహిణి కార్తె చివరి రోజులు. రోళ్లు పగిలే ఎండ. ఇంకో నాలుగు రోజులకి మృగశిర ప్రవేశిస్తుంది, వానలు పడతాయి. ఎండబెట్టాల్సిందంతా ఆ లోపలే అవ్వాలి. ఆమె నిలబడ్డ చోటే బుర్రలో పని పంచేసింది. బాగా పుల్లగా ఉన్నవి చింతపండు బదులు పప్పులోకి, పచ్చట్లోకి. గట్టివి ముక్కలు కోసి ఉప్పునీళ్లలో ముంచి ఒరుగులుగా ఎండబెట్టాలి, లేకపోతే వంకాయ ముక్కల్లా నల్లబడతాయి. మెత్తబడ్డవి ఉడకబెట్టి, మెదిపి, బెల్లం కలిపి చాపల మీద పొర మీద పొర పోసి తాండ్ర. తొక్కలూ నడిమి గుజ్జూ మరగబెడితే చారుకి పులుపు. వంటింట్లో ఆ వారం తనతో ఉన్నది ఇద్దరే: పోలమ్మ అనే పెద్దావిడ, కొత్తగా వచ్చిన దాలమ్మ. ముగ్గురూ కత్తిపీటల ముందు కూర్చున్నారు.

మధ్యాహ్నం దాటాక అప్పలనరస వచ్చింది. తన కత్తి తానే తెచ్చుకుని మెట్టు దగ్గర నిలబడింది. ఈమె సంగతి కొంచెం చెప్పాలి. మూడు వారాల కిందట, గురువమ్మ కంటాసుపత్రిలో ఉన్నప్పుడు, కొత్తావకాయ జాడీలో తడి గరిటె పెట్టింది వంటింట్లో సాయానికొచ్చే అప్పలనరసే. వారం తిరక్కుండా జాడీకి బూజు పట్టింది. నూకరత్నం పంక్తిలో అందరూ వింటుండగా "నీ చెయ్యి మంచిది కాదు, ఇంక నా జాడీల జోలికి రాకు" అని బయటికి పంపేసింది. తెలుగు గడ్డ మీద ఊరగాయలు కలిపి బతికే ఆడదానికి అంతకన్నా పెద్ద తిట్టు ఇంకొకటి లేదు. దొంగ అన్నా ఒక ఇల్లు కాకపోతే ఇంకో ఇల్లు పనికి పిలుస్తుంది. చెయ్యి మంచిది కాదంటే ఎవరూ పిలవరు. ఆ మాట చుట్టూ ఊళ్లకి పాకింది. ఆవకాయ రోజుల్లో ఇంటింటికీ తిరిగి జాడీలు పెట్టే అప్పలనరసని ఆ ఏడు ఒక్క గుమ్మం కూడా పిలవలేదు.

"కాయలొచ్చాయన్నారు. కూకోమంటావా ఒదినా?" అంది అప్పలనరస.

"వద్దు. తడి తగిల్తే మొత్తం పోతాది."

"తొక్క తియ్యడానికి కూడా మంచి చెయ్యి కావాలేటి?"

"కావాలి," అంది నూకరత్నం, తల ఎత్తకుండా.

అప్పలనరస కత్తి కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. పోలమ్మ నోట్లో ఏదో గొణిగింది.   మంచం మీద కూర్చున్న వరహాలమ్మ లేచొచ్చి నూకరత్నం పక్కనే పీట వేసుకుంది. అప్పుడు నూకరత్నం చేతిలో ఉన్న కాయ మరీ అన్యాయం. ఒక పక్క దెబ్బకి కమిలిపోయింది, ఇంకో పక్క పురుగు తొలిచింది.

"అదీ ఉంచుతావేటి? పారెయ్యరాదూ?"

"అదేటమ్మా అలాగంటారు? పురుగు తిన్నంత మేర తీసేస్తే మిగిలింది మంచిదే కదా. కాయంతా ఏం పాపం చేసింది?" అంటూ నూకరత్నం చెడినంత వరకు చెక్కేసి, బొటనవేలంత ముక్క తీసి చూపించింది.

వరహాలమ్మ ఆ ముక్క అందుకుని నోట్లో వేసుకుంది. నిదానంగా నమిలింది. "బాగున్నాదే మాట," అంది. ముక్క సంగతి చెప్పలేదు.

ముగ్గురు మనుషులు ఎంత తరుగుతారు? రెండు రోజులు వెన్ను విరిగేలా కూర్చున్నారు. వేళ్లు పులుపుకి ఒరిసిపోయాయి. పంక్తికి వంట ఆగకూడదు, చాపల మీద ఒక పొర ఆరగానే దాని మీద ఇంకోటి పొయ్యాలి. పోలమ్మ నడుం పట్టుకుని, "ఈ కాయలు మనం తింటామో, ఇవే మనల్ని తింటాయో" అంది. మొదటి రెండు బస్తాలూ లేచాయి. వాటిలో ఒక్క గింజ కూడా వృథా పోలేదు, నిజమే. మూడో రోజు పొద్దున్న మూడో బస్తా మూతి విప్పేసరికి లోపలినుంచి కల్లుముంత వాసన కొట్టింది. కాయలు వేడెక్కి, ఒకదానికొకటి అంటుకుని, చెయ్యి పెడితే జారిపోతున్నాయి. అడుగు దాకా వెతికినా బుట్టెడు మంచివి దొరకలేదు. నాలుగో బస్తా ఇంకా నిలబడి ఉంది గానీ దానికీ ఒకటిన్నర రోజుకి మించి గడువు లేదు.

నూకరత్నం కుళ్లిన కాయల గంప నెత్తిన పెట్టుకుని గొయ్యి దగ్గరికి నడిచింది. ఆరేళ్లలో పట్టపగలు ఆ దారిన గంపతో నడవడం అదే మొదలు. మొదటి గంప, రెండో గంప, మూడో గంప. నాలుగోది దింపేటప్పటికి గోడ పట్టుకుని వరహాలమ్మ వచ్చి నిలబడింది.

"ఏటి పారేస్తన్నావు?"

"కుళ్లిపోయాయమ్మా. నేనేం తక్కువ చెయ్యలేదు. చేతులు చాల్లేదు."

"చేతులు చాల్లేదా."

"ముగ్గురమే కదమ్మా. నాలుగో మనిషుంటే బస్తా నిలిచేది."

వరహాలమ్మ నల్లద్దాలు తీసి, వంగి, గోతిలోకి చాలాసేపు చూసింది. "నాలుగో మనిషిని కూడా ఇందులోనే పారేశావనుకున్నాను. కనబడదేటే?" అని, అద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది.

నూకరత్నం గంప అక్కడే వదిలేసింది. ముఖం కూడా కడుక్కోకుండా అప్పలనరస ఇంటికి వెళ్లింది. అప్పలనరస గుమ్మంలో కూర్చుని బట్టల మూట కడుతోంది. సముద్రం ఒడ్డున రొయ్యలు వలిచే షెడ్డులో పనుందని, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోతానని చెప్పింది.

"అక్కడ చెయ్యి మంచిదో కాదో చూడరట ఒదినా. చెయ్యుంటే చాలట," అంది, ముడి బిగిస్తూ.

"కాయలు పోతన్నాయే. ఒక బస్తా పోయింది. రా."

"కాయలు పోతన్నాయని వచ్చావా?"

 నూకరత్నం మూట మీద చెయ్యి వేసి, "అప్పుడు నేనన్న మాట తప్పు. మనసులో పెట్టుకోకు," అంది.

అప్పలనరస అప్పుడు తలెత్తి చూసింది. "అనడం పదిమందిలో అన్నావు. దిద్దుకోడం గుమ్మంలో దిద్దుకుంటావా? నీ మాట ఊరంతా తిరిగొచ్చింది, నన్ను ఒక్క కొంపలోకి రానివ్వకుండా చేసింది. ఇప్పుడీ చిన్న మాట ఎంత దూరం నడుస్తాది?"

 నూకరత్నం వెనక్కి వచ్చింది. ఆ మధ్యాహ్నం పంక్తిలో నలభైమంది దాకా కూర్చున్నారు. కొండ దిగినవాళ్లు, క్వారీవాళ్లు, ఊళ్లోవాళ్లు. ఆపిల్ కాయలతో వండిన పప్పు గోకర్ణం గిన్నె చేత్తో పట్టుకుని ఆమె పంక్తి మధ్యలో నిలబడింది.  ఇది చెప్తే ఈ వంటిల్లు తనది కాకుండా పోతుందని ఆమెకి తెలుసు. అయినా చెప్పింది.

"మొన్న ఆవకాయ జాడీ బూజుపట్టింది గరిటె తడి వల్ల. అప్పలనరస చెయ్యి వల్ల కాదు. నాలుగేళ్ల కిందట నేను పెట్టిన జాడీలు కూడా రెండు ఇలాగే పోయాయి. ఎవరూ చూడకుండా గోతిలో కప్పెట్టేశాను. నా చెయ్యి మంచిది కాదని నన్నెవరూ అనలేదు, ఎందుకంటే నేనెవరికీ చెప్పలేదు. ఆ పిల్ల దాచకుండా చెప్పింది. నేను దాన్ని బయటికి గెంటాను."

 వరసలో చివర కూర్చున్న క్వారీ ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "మా ఇంట్లో ఏడాదికో జాడీ పోతాది తల్లీ. అయినా కాపురం చేస్తన్నాం. ఆ పప్పు ఇలా తే, చల్లారిపోతన్నాది," అన్నాడు. నవ్వులు పుట్టాయి. ఆ నవ్వుల మధ్యలోనే ఎవరో ఆడమనిషి పక్కావిడతో, "అయితే మా జాడీలకి అప్పలనరసని పిలుద్దామే, ఇంకా ఆలస్యం అవలేదు," అనడం అందరికీ వినబడింది.

పంక్తిలో అన్న మాట బస్సు కన్నా ముందే అప్పలనరస చెవిన పడింది. బస్సు వచ్చింది, పోయింది. అప్పలనరస మూట చంకన పెట్టుకునే వంటింటికి వచ్చింది. మూట గోడకి ఆనించి, కాళ్లు చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో వేలు వేలూ తుడుచుకుని, నూకరత్నం ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. "ఆ పక్క కాయలు ముందివ్వు." "బెల్లం ఇంక చాలు, ఇది నాలుక మీద పులుపు తగిలితేనే బాగుంటాది." అలాంటి మాటలే. అప్పలనరస తాండ్ర పొర పోస్తే చాప మీద తమలపాకంత పలచన పడేది, గంటలో ఆరేది. నూకరత్నం పోసినది మందంగా ఉండి సాయంత్రం దాకా తేమ వదిలేది కాదు. పోలమ్మ అది చూసి, "చెయ్యి అంటే ఇదీ," అనకుండా ఉండలేకపోయింది. నూకరత్నం నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. తన గిన్నె పక్కన పెట్టి, అప్పలనరస ఎలా వంచి పోస్తోందో చూసి, అలాగే పొయ్యడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు సాయంకాలానికి నాలుగో బస్తా ఖాళీ అయింది. ఒరుగులు డబ్బాల్లోకి ఎక్కాయి. చాపల మీంచి తాండ్ర చుట్టలు చుట్టి లోపల పెట్టారు. పెట్టీ పెట్టకముందే పెరట్లో మట్టివాసన లేచింది, మొదటి చినుకులు టపటపా పడ్డాయి. దాలమ్మ తాండ్ర ముక్క ఒకటి తుంపి గురువమ్మకి ఇచ్చింది. వరహాలమ్మ దాన్ని చప్పరిస్తూ వాన చూస్తోంది.

నూకరత్నం వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"అమ్మా, ఒక్క కాయ పోకూడదన్నారు. ఒక బస్తా పోయింది. నేనడిగింది మరిచిపోండి. అది అడిగే అర్హత నాకు లేదు."

వరహాలమ్మ తాండ్ర ముక్కని ఒక బుగ్గన పెట్టుకుని ఆమె వైపు తిరిగింది.

"చెట్టుమీద ఏ దెబ్బా లేకుండా ఉన్న కాయ నింపాదిగా పండుతాదే," అంది. "దెబ్బ తగిలినది ముందు మగ్గుతాది. తెలిసినోళ్లు దాన్నే ముందు చేతిలోకి తీసుకుంటారు."