ఓబులేసు బకెట్టు

ఓబులేసుది ఫిజిక్స్ మేజర్. మైనర్ ఏదో ఒకటి తీసుకోక తప్పదు కాబట్టి పొలిటికల్ సైన్స్ తీసుకున్నాడు. మొదటి క్లాసులోనే లేచి, "సార్, మాకిది మైనరే కదా. ఇంపార్టెంట్ ప్రశ్నలు చెప్పేయండి, చాలు" అన్నాడు.

దస్తగిరి సార్ కోప్పడలేదు. చెప్తాలే అని ఊరుకున్నాడు.

ఆ ఎండాకాలం హాస్టల్లో నీళ్లకు కటకట వచ్చింది. పొద్దున ఒక్క ట్యాంకరు వచ్చి తొట్టి నింపి పోయేది. ఆ తొట్టికి ఉన్న ఒక్క కొళాయి దగ్గర పిల్లకాయలు జుట్లు పట్టుకునేవాళ్లు. ఇంకొక్క గొడవ జరిగితే హాస్టలుకు తాళం వేస్తానని వార్డెన్ తెగేసి చెప్పాడు. పరీక్షలేమో నెత్తి మీదున్నాయి. ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చినోళ్లు, పెట్టెలెత్తుకొని యాడికి పోతారు పాపం!

లెక్కలొచ్చినవాడని వంతులు వేసే పని ఓబులేసుకే అప్పజెప్పారు. వాడు బాగా ఆలోచించే వేశాడు. కింది గదుల వాళ్లు దగ్గర కాబట్టి ముందు పట్టుకొని పోతారు, వరుస త్వరగా కదులుతుంది, మేడ మీది వాళ్లు చివర రావాలి. ఓబులేసుది కింద మొదటి గది.

మేడ మీది వాళ్లకు రోజూ తొట్టి అడుగు బురదే మిగిలింది. ఒకనాడు వాళ్లలో మద్దిలేటి ఇనప రాడ్డు తీసుకొని కొళాయి పక్కన నిలబడ్డాడు. మాకు లేని నీళ్లు ఎవరికీ వద్దు, పగలగొడతానన్నాడు. కింది వాళ్లు చొక్కా చేతులు మడిచారు. ఓబులేసుకు పై ప్రాణాలు పైనే పోయాయి. హాస్టలు వెనకే ఉన్న దస్తగిరి సార్ ఇంటికి పరుగెత్తాడు. తన లెక్కలో తప్పు లేదని, మీరొక్క మాట చెబితే వాళ్లు వింటారని బతిమాలాడు.

సార్ కట్టుకున్న లుంగీతోనే వచ్చాడు. రాడ్డు వంక చూడలేదు, ఎవరినీ మందలించలేదు.

"నీ బకెట్టు ఏదప్పా?"

ఓబులేసు వరుసలో అన్నిటికన్నా ముందున్న పచ్చ బకెట్టు చూపించాడు. సార్ దాన్ని ఎత్తుకొని, అందరి బకెట్లూ దాటుకుంటూ పోయి, మద్దిలేటి బకెట్టుకు కూడా వెనక పెట్టి వచ్చాడు.

ఓబులేసు తొట్టి వంక చూశాడు. వరుస వంక చూశాడు.

"అంత చివరకైతే నీళ్లు రావు సార్" అనేశాడు.

అన్నాక తన మాట తనకే వినబడింది. ముఖం కందిపోయింది. మద్దిలేటి వాణ్ణే చూస్తున్నాడు. చేతిలో రాడ్డు ఇంకా అట్లే ఉంది.

ఓబులేసు వరుస వైపు తిరిగాడు. ఇవాళ్టి నుంచి ముందు అందరూ అర బకెట్టే పట్టాలని, చివరి దాకా అందినాకే రెండో వంతని చెప్పాడు. పచ్చ బకెట్టు చివరే ఉండనిచ్చాడు.

మద్దిలేటి రాడ్డు గోడకు ఆనించాడు.

సార్ అప్పటికే ఇంటి దారి పట్టాడు. ఓబులేసు పక్కన ఒక్క క్షణం ఆగాడు.

"ఇంపార్టెంట్ ప్రశ్నలు అడిగినావు కదప్పా. రాసుకో, మొదటిది ఇదే: నీ బకెట్టు చివరుంటే?"