కుర్చీ దిగిన మాస్టారు

1951 చలికాలం. డోర్నకల్ జంక్షన్‌లో పాయింట్స్‌మన్‌గా ఉన్న ఎలమందకు గార్డు పరీక్ష దగ్గరపడింది. పట్టాలు మార్చే పనిలో అతనికి వంక పెట్టేవాడు లేడు. కానీ పరీక్షలో ఆఫీసరు ఎదుట నిలబడి ఇంగ్లీషులో మాట్లాడాలి. వయసు దాటిపోతోంది గనుక ఇక అదే ఆఖరి అవకాశం.

డ్యూటీ దిగి, మసి కడుక్కుని, పొద్దుగూకే వేళకు రైల్వే పనివాళ్లమంతా ఇంగ్లీషు నేర్చుకోవడానికి దేవదానం మాస్టారింటికి చేరేవాళ్లం. ఆయన రిటైరైన గార్డు. రైలు చివరన గార్డు ఎక్కే బ్రేకువ్యాను మెట్టు మీంచి పడ్డప్పటి నుంచి కుడి మోకాలు మడత పడదు. కుంటుతూనే నడిచేవారు గాని కర్ర ముట్టేవారు కాదు. పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కతో ఎలమందే ఆయనకు ఎత్తయిన కుర్చీ చేసిపెట్టాడు. ఆయన కుర్చీలో, మేం చాప మీద. అంత చక్కగా ఇంగ్లీషు చెప్పేవాళ్లు ఏ కాలేజీలోనూ లేరని ఇప్పటికీ పందెం కాస్తాను.

మా ఇంగ్లీషు తెలుగు దారినే నడిచేది. "ఎవరూ రాలేదు" అని చెప్పమంటే "నోబడీ డిడ్ నాట్ కమ్" అనేవాళ్లం. ఒకరోజు మాస్టారు బుడ్డిదీపం ఉఫ్‌మని ఊదారు. గది చీకటైంది.

"ఆరిన దీపాన్ని ఇంకోసారి ఊదమంటారా?" అన్నారు.

"వద్దు మాస్టారూ! ఒక్క 'నో' చాలు" అన్నాడు ఇంజన్‌లో బొగ్గేసే ఫైర్‌మన్ సోమ్లా. అందరం నవ్వాం. ఆ తర్వాత ఆ తప్పు మా నోట రాలేదు.

ఎలమంద తప్పు అలాంటిది కాదు.

"'మాస్టారు కుర్చీలో కూర్చుంటారు.' ఇంగ్లీషులో చెప్పు."

"మాస్టర్ సిట్ ఆన్ ద చెయిర్."

"సిట్స్. ఒక్కరి గురించి చెప్పేటప్పుడు చివర 'స్' రావాలి."

"రానివ్వను."

మాస్టారు తలెత్తి చూశారు.

"నిన్న పిల్లి కూర్చుంటే 'సిట్స్' అన్నారు. పిల్లికీ మీకూ ఒకటే మాటా? 'కూర్చుంటాడు' అన్నట్టుంది నాకు. మీరొక్కరు మాకు పదిమంది పెట్టు. పదిమందికి వాడే మాటే వాడతాను."

"పరీక్షలో ఫెయిలు చేస్తారు."

"చెయ్యనివ్వండి."

"ఒరే, పచ్చజెండా పోయి, జన్మంతా పట్టాల మధ్యే ఉంటావురా" అన్నాడు సోమ్లా.

"ఉంటా. మా మాస్టారిని తక్కువచేసి గార్డునవ్వను."

 మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. మడత పడని కాలు ముందుకు చాచి, గోడ ఆసరాతో మెల్లగా చాప మీదికి దిగారు. మోకాలు కటుక్కుమన్న చప్పుడు అందరికీ వినబడింది. ఎలమంద లేపబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇప్పుడు చెప్పు. మాస్టారు చాప మీద కూర్చుంటారు."

ఎలమంద గభాల్న చాప దిగి వట్టి నేల మీదికి జరిగాడు.

మాస్టారు కూడా కాలు ఈడ్చుకుంటూ నేల మీదికి జరిగారు.

ఎలమంద ఇంకా కిందికి ఎక్కడికి పోవాలా అని అటూ ఇటూ చూశాడు.

"గొయ్యి తవ్వుకో, పలుగు తెస్తా" అన్నాడు సోమ్లా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇంక దిగడానికి చోటు లేదు, ఎలమందా" అన్నారు మాస్టారు. "చెప్పు."

ఎలమంద రెండు చేతులూ జోడించాడు.

"మాస్టర్ సిట్స్ ఆన్ ద ఫ్లోర్" అన్నాడు. ఆ 'స్' గట్టిగా పలికింది.

మర్నాడు మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టబోతే ఆయన ఒప్పుకోలేదు. లేచినప్పుడల్లా మోకాలు పట్టేస్తున్నా, పరీక్ష దాకా నేల మీదే కూర్చుని చెప్పారు.

పరీక్షలో ఆఫీసరు, ఇంగ్లీషు ఎవరు నేర్పుతున్నారని అడిగాడట. "మాస్టర్ దేవదానం టీచెస్ మీ" అన్నాడు ఎలమంద, చేతులు జోడించి.

"ఆ దండం ఎవరికి?"

"మా మాస్టారికి. మాటలో మర్యాదకు చోటు దొరకలేదు సార్" అన్నాడు తెలుగులో.

పాసయ్యాడు. అతను మొదటిసారి పచ్చజెండా ఊపిన రోజున మేమంతా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. మాస్టారు అందరికంటే ముందు నిలబడ్డారు, కర్ర మీద ఆనుకుని.

కర్ర లేకుండా ఆయన మళ్లీ నడవలేదు.