నలభై ఒక్క రోజుల కాగితం

చెంచురామయ్య మాల తీసిన మర్నాడు ఆయన వాకిట్లో మీరేం చూశారో ముందు చెప్పండి. మొహమాటం వద్దు. పొట్టేలు తల కాలుస్తున్న మంట చూశారు. గారెలు వేగుతున్న మూకుడు చూశారు. బంతిలో కూర్చుని మీరూ తిన్నారు. గోడ మీద అయ్యప్ప పటం పక్కన వేలాడుతున్న కాగితాన్ని మాత్రం ఒక్కరూ దగ్గరికి వెళ్ళి చదవలేదు. అందుకే చెబుతున్నాను, వినండి.

చీమకుర్తిలో గ్రానైటు రాళ్ళెత్తే క్రేను నడిపే చెంచురామయ్య ఏడాదిలో నలభై ఒక్క రోజులు మునిలా బతికి, మిగతా రోజులన్నీ నాలుక చెప్పినట్టు వినేవాడు. ఆయనకు పన్నెండేళ్ళుగా షుగరు ఉండేది. తరవాత కొలెస్ట్రాల్ కూడా బయటపడింది. మాత్రలు మింగేవాడు. టీలో చక్కెర వేసుకునేవాడు కాదు. అంతటితో తన వంతు పని అయిపోయిందనుకునేవాడు.

మాలలో ఉన్నన్నాళ్ళూ ఆయన తిండి చూసి డాక్టర్లే నేర్చుకోవచ్చు. మధ్యాహ్నం కొద్దిగా అన్నం, ఎక్కువగా కూరలు, పప్పు, మజ్జిగ. రాత్రి రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర. వేపుడు లేదు, మాంసం లేదు, చుట్ట లేదు. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, చెప్పుల్లేని నడక. నలభయ్యో రోజున ల్యాబుకు వెళ్ళి రక్తం ఇచ్చేవాడు. అంకెలు బాగా వచ్చేవి. ఆ కాగితానికి లామినేషన్ చేయించి పటం పక్కన తగిలించేవాడు. మళ్ళీ ఏడాది దాకా ల్యాబు గడప తొక్కేవాడు కాదు.

మాల తీశాక పొట్టేలు తెగేది. ఆదివారం తలకాయ కూర, బుధవారం బోటీ వేపుడు, సాయంత్రాలు క్వారీ దగ్గర బండి మీద బజ్జీలు. భార్య రవణమ్మ అడ్డం పడితే ఆయన గోడ వైపు చెయ్యి చూపించేవాడు. “చదువుకో. అన్నీ సరిగానే ఉన్నాయి. అయినా మాంసంలో చక్కెర ఉందా? నూనెలో ఉందా?” అనేవాడు.

రవణమ్మకు నోరుంది. “మాలలో ఉన్నప్పుడు స్వామీ అంటే వింటావు. మాల తీశాక ఏమయ్యా అంటే వినవు. పోనీ ఏడాదంతా స్వామీ అనే పిలవనా?” అని ఒకసారి అడిగింది. బంతిలో అందరూ నవ్వారు. ఆయనా నవ్వి ఇంకో గారె వేయించుకున్నాడు.

అప్పటికి ఆయన పదిహేడుసార్లు శబరిమల కొండెక్కి, శిష్యులను వెంట నడిపించే గురుస్వామి అయ్యాడు. పద్దెనిమిదోసారి కొండెక్కే గురుస్వామి కొబ్బరి మొక్కను మోసుకెళ్ళి స్వామి సన్నిధిలో సమర్పించడం ఆనవాయితీ. ఆ రోజు కోసమే చెంచురామయ్య బతికాడంటే అబద్ధం కాదు. తను మొలకెత్తించిన మొక్కను ఏడాదిపాటు బిడ్డలా సాకాడు. భర్త ఆ మొక్క సమర్పిస్తుంటే చూడాలని యాభై ఏడేళ్ళ రవణమ్మ కూడా మొదటిసారి మాల వేసుకుంది. నలభయ్యో రోజున కాగితం ఎప్పటికంటే బాగా వచ్చింది. దాన్ని మడవకుండా సంచిలో పెట్టుకున్నాడు.

పంప దాటి నీలిమల ఎక్కుడు మొదలైంది. తల మీద ఇరుముడి, చంకలో మొక్క. సగం దూరంలో చెంచురామయ్య ఆగాడు. ఒళ్ళంతా చెమట. ఊపిరి అందలేదు. నొప్పి మాత్రం లేదు. కాసేపు కూర్చుంటే తగ్గుతుందన్నాడు. రవణమ్మ ఆయన మొహం చూసింది. శిష్యుల చేత మోయించి, దారి పక్కనున్న వైద్య శిబిరంలో పడుకోబెట్టించింది.

అక్కడ గుంటూరు నుంచి సేవకు వచ్చిన ఒక డాక్టరమ్మ ఉంది. గుండె పరీక్ష చేసి, గుండెపోటు వచ్చిందని చెప్పింది. చెంచురామయ్య ఒప్పుకోలేదు. నొప్పి లేకుండా గుండెపోటేమిటన్నాడు. సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాడు.

షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్ళలో కొందరికి నరాలు మొద్దుబారి నొప్పి తెలియదని ఆమె చెప్పింది. తరవాత ఆయన పని ఏమిటని అడిగింది. రాళ్ళ పని అన్నాడు.

“అయితే మీకు తెలుస్తుంది స్వామీ. రాయి మీద గీతలు పడితే వాటిలో మన్ను చేరుతుంది కదా. ఎక్కువైన షుగరు రక్తనాళాల గోడలను గీరుతుంది. ఎక్కువైన కొవ్వు ఆ గీతల్లో పేరుకుంటుంది. ఈ కాగితం నలభై ఒక్క రోజుల సంగతి నిజమే చెప్పింది. మిగతా మూడొందల ఇరవై నాలుగు రోజుల సంగతి ఇవాళ మీ గుండె చెప్పింది.”

చెంచురామయ్య మొక్క వైపు చూశాడు.

శిష్యులు ఆయన ఇరుముడి తీసుకున్నారు. మొక్క కూడా ఇవ్వమన్నారు. రవణమ్మ ఇవ్వలేదు. “ఇది మోయాల్సిన మనిషి మోసినప్పుడే పైకి పోతుంది” అంది. తనూ కొండెక్కకుండా, ఒక చేత్తో మొక్కను, ఒక చేత్తో ఆయన చేతిని పట్టుకుని అంబులెన్సు ఎక్కింది.

ప్రాణం దక్కింది. గుండెలో మాత్రం సగం బలమే మిగిలింది. ఇక కొండలెక్కవద్దని డాక్టర్లు ఖండితంగా చెప్పారు. ఆ మాట విన్న రోజు చెంచురామయ్య గోడకు తిరిగి పడుకున్నాడు. ఏడిచాడని రవణమ్మకు తెలుసు. ఓదార్చలేదు. లేచి వంట చేసింది.

మాల తీశాక విందు చేసే ఇల్లే అది. ఈసారి పొట్టేలు తెగలేదు. పళ్ళెంలో సగం బీరకాయ కూర, తోటకూర పప్పు, గుప్పెడు అన్నం, ఒక చేప ముక్క పులుసు. వేపుడు మూకుడును అటక మీదికి ఎక్కించింది. నూనెను చెంచాతో కొలిచి పోసింది.

ఆయన పళ్ళెం వైపు చూసి, “ఎన్ని రోజులు?” అన్నాడు.

“మొక్కకు నీళ్ళు ఎన్ని రోజులు పోస్తారు స్వామీ?” అంది రవణమ్మ.

ఆయన తల ఎత్తి చూశాడు. మెడలో మాల లేదు. అయినా స్వామీ అంది. ఆయన నవ్వలేదు. ముద్ద కలిపాడు.

ఆ రోజు నుంచి ఆమె ఏడాది పొడుగునా స్వామీ అనే పిలిచింది. ఆయన ఏడాది పొడుగునా విన్నాడు. మాత్రలు మానలేదు. గోడ మీది పాత కాగితాలన్నీ తీసేశాడు. మూడు నెలలకోసారి, పరీక్ష కోసమని తిండి మార్చకుండా, రోజూ తినేది తింటూనే వెళ్ళి రక్తం ఇచ్చాడు. అంకెలు బాగా లేకపోయినా ఆ కాగితాన్నే తగిలించాడు.

మొక్కను బట్టలుతికే రాయి పక్కన నాటాడు. ఆరేళ్ళకు కాపు వచ్చింది. మొదటి కాయను తనే కోయించి, నెయ్యి నింపి, రవణమ్మ ఇరుముడిలో కట్టాడు. బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఎక్కలేకపోయిన మెట్లు ఆ కాయ ఎక్కింది. పదిహేడు సార్లు కొండెక్కి, నూరుమందిని నడిపించిన మనిషి చీమకుర్తి బస్టాండులో ఉండిపోయాడు.

షుగరూ కొలెస్ట్రాలూ ఉన్నవాళ్ళకు తిండి నియమం రోజులు లెక్కపెట్టి విడిచే దీక్ష కాదు. ప్రాణం ఉన్నన్నాళ్ళూ మెడలో ఉండాల్సిన మాల. ఇప్పుడు మీరు చెప్పండి: మీ ఇంట్లో ధీమాగా దాచుకున్న ఆ కాగితం మీద తేదీ ఎప్పటిది?