దోసెడు మురుగు

అనగనగా ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోట ఒక మడ అడవి. అక్కడ నీళ్ళ అడుగున, బురదలో బొరియ చేసుకుని, ఒక మండపీత పిల్లలతో కాపురం ఉండేది.

ఏటికి ఎగువన పందులు, బాతులు, గేదెలు ఉండేవి. ఎవరి మడుగు వాళ్ళది. మడుగులో మురుగు నిండితే చాలు, గట్టుకు గండి కొట్టి ఏట్లోకి వదిలేసేవి.

రానురాను నీళ్ళు పచ్చబడ్డాయి. నాచు దుప్పటిలా కమ్మేసింది. చచ్చిన నాచు అడుగుకు దిగి కుళ్ళింది. బొరియలో పిల్లలకు ఊపిరాడటం లేదు.

పీత గట్టు వెంట అడ్డంగా నడుస్తూ పంది దగ్గరికి పోయింది.

"బావా, నీ మురుగు ఆపు. మా పిల్లలు చచ్చిపోయేలా ఉన్నారు."

"నాదెంతమ్మా, దోసెడు. ఆ బాతుల్ని అడుగు, మందకు మంద ఉన్నాయి," అంది పంది.

"మాదీ దోసెడే వదినా. అయినా అది మురుగు కాదు, ఎరువు," అంది బాతు.

గేదె నెమరు ఆపకుండానే, "నాదీ దోసెడే," అంది.

"నీ దోసిలి ఎంత తల్లీ?" అంది పీత. గేదె తోకతో ఈగల్ని తోలుకుంది.

ఆ అడవికి పెద్ద, ముక్కు కింద సంచి వేలాడే ఒక ముసలి గూడబాతు. ఎవరు దండం పెట్టినా "పచ్చగా ఉండండి" అని దీవించడం దానికి అలవాటు. పీత మొర విని చెట్టు మీంచి ఏటిని చూసింది.

"నీళ్ళు పచ్చగానే ఉన్నాయిగా. నా దీవెన ఫలించింది. ఇంకేం కావాలే నీకు?"

"పచ్చదనం పైన తాతా. కింద చీకటి. ఒక్కసారి దిగి చూడు."

"ఈ వయసులో బురదలోకి దిగమంటావా?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. పీత పళ్ళు కొరకాలనుకుంది కానీ దానికి పళ్ళు లేవు. పటకారు లాంటి డెక్కలు టకటకలాడించుకుంటూ వెళ్ళి, పిల్లల్ని మడచెట్టు వేళ్ళ మీదికి ఎక్కించింది.

తెల్లవారేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. గూడబాతు సంచి నిండా మింగింది.

"చూశావా, చేపలే నోటి దగ్గరికి వచ్చి నిలబడ్డాయి," అంది.

"నిలబడలేదు తాతా. చస్తున్నాయి."

మర్నాడు ఏట్లో ఒక్క చేప లేదు. ఆ మర్నాడూ లేదు. గూట్లో పిల్లలు ఆకలికి అరుస్తుంటే గూడబాతు చెట్టు దిగి వచ్చి, ఏటి ఒడ్డున అందరినీ కూడేసింది.

"ఇకమీదట ఎవరి మురుగు వాళ్ళు జమ్ముగడ్డి పెంచిన గుంటలో నిలబెట్టాలి. దాని బలమంతా జమ్ము తాగాకే, మిగిలిన నీళ్ళు ఏట్లోకి వదలాలి," అంది.

"దోసెడు నీళ్ళకు ఇంత చాకిరీనా?" అని పంది గొణిగింది.

"నిజమే. దోసెడేగా," అంది పీత. "గుంట తవ్వనివాళ్ళు రోజూ ఆ దోసెడూ తాగేస్తే సరి. ఏట్లోకి రాకపోతే చాలు."

పంది బాతును చూసింది. బాతు గేదెను చూసింది. గేదె నెమరు ఆపింది. ముగ్గురూ గుంటలు తవ్వడానికి వెళ్ళారు.

ఏరు వెంటనే బాగుపడలేదు. రెండు వానాకాలాలు పోయాక నీళ్ళలో అడుగు కనిపించింది. పీత పిల్లలతో మళ్ళీ బొరియలోకి దిగుతుంటే గూడబాతు అలవాటు కొద్దీ, "పచ్చగా ఉండండి," అంది.

"ఒడ్డును దీవించు తాతా," అంది పీత. "నీళ్ళను వదిలెయ్."

నీతి: నాది కొంచెమేనని అందరూ వదిలితే, ఆ కొంచెమే ఏటిని చంపుతుంది.