సింగడి సోమవారం

ఎర్రగుట్ట కింద ఓబులేసు దొడ్డి. చుట్టూ కంపకంచె, మధ్యలో గడ్డివాము, ఒక పక్క పశువుల పాక, ఇంకో పక్క మట్టితో కట్టిన కోళ్ల గూడు. మనుషులు పొలానికి పోవడమే ఆలస్యం, అక్కడ మాటలు మొదలయ్యేవి. ఎవరి పని వాళ్లకుండేది, కానీ నోటి పని మాత్రం అందరూ కలిసే చేసేవాళ్లు.

అందరిలోకీ పెద్దవాడు బూదన్న. బూడిద రంగు ఎద్దు, నిదానస్తుడు. ఒక మాట అనాలంటే ముందు రెండుసార్లు నెమరువేసి గానీ అనడు.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. పొద్దున్నే ఒళ్లు కడిగి, కొమ్ములకు ఆముదం రాసి, పలుపు విప్పి వదిలేస్తారు. ఆ రోజు ఎద్దు తనంతట తాను లేవాలే గానీ, ఎవరూ లేపకూడదు. దారికి అడ్డంగా పడుకున్నా సరే, మనుషులే చుట్టూ తిరిగి పోతారు. సోమవారం ఎద్దును అదిలిస్తే ఆ ఏడు గింజ రాలదని వాళ్ల నమ్మకం. గింజ సంగతేమో గానీ, ఎద్దులకు మాత్రం నమ్మకం బాగా కలిసొచ్చింది.

ఒకప్పుడు బూదన్నకు సోమవారం అంటే ప్రాణం. కాపలా కుక్క సింగడు అప్పుడు అరచేతిలో పట్టేంత కూన. వాళ్లమ్మ దొడ్డి కాస్తుంటే, వీడు బూదన్న వెంట వాగుకు పోయేవాడు. బూదన్న నీళ్లలో దిగి కళ్లు మూసుకుంటే, వీడు ఒడ్డున కప్పల్ని తరిమేవాడు. తోక కుచ్చు కొరికేవాడు. ఒకసారి కొమ్ముల మీది ఆముదం తియ్యగా ఉంటుందనుకుని నాకేశాడు. ఆ రోజంతా పొదల వెనకే గడిపాడు పాపం. సాయంత్రం ఇద్దరూ ఇసుకలో పడుకుంటే, ఆ కూన తల బూదన్న ముంగాలి మీద ఉండేది. కాలు తిమ్మిరెక్కినా బూదన్న కదిపేవాడు కాదు.

తర్వాత వాళ్లమ్మ పోయింది. కాపలా సింగడి మెడకు పడింది. కాపలాకు సోమవారం లేదు, ఆదివారం లేదు. బూదన్న వాగుకు ఒక్కడే పోయి, ఒక్కడే ఒళ్లు తడుపుకుని, తొందరగా వచ్చేసేవాడు. సెలవు రోజు ఇంత పొడుగ్గా ఉంటుందని అప్పుడే తెలిసిందతనికి.

ఈ మధ్య సింగడి సంగతి మరీ ఘోరంగా ఉంది. నిలబడే నిద్రపోతున్నాడు. మేలుకుంటే పందిరి గుంజను చూసి మొరుగుతున్నాడు. ఓబులేసు మామగారు వస్తే దొంగనుకుని పంచె పట్టుకున్నాడు. నిజం దొంగ, అంటే నక్క, వచ్చి కోడిపిల్లను ఎత్తుకుపోతే గురక పెట్టాడు.

ఓబులేసుకు ఒళ్లు మండింది. "ఈ కుక్క ముసల్ది అయిపోయింది. ఇంకో రెండు సంతల దాకా చూస్తా. అప్పటికీ ఇట్లాగే ఉంటే దీన్ని గుట్ట అవతల వదిలేసి, కొత్త కూనను తెస్తా" అని పెళ్లాంతో అన్నాడు. పాకలో ఉన్న బూదన్న ఆ మాట విన్నాడు. ఆ పూట మేత సహించలేదు.

సరిగ్గా అప్పుడు వచ్చాడండీ మన నక్క బావ. కంచె బయట కూర్చుని, తోకను ఒళ్లో పెట్టుకుని, లోకం బాధంతా తనదే అన్నట్టు నిట్టూర్చాడు.

"అయ్యో, అయ్యో! ఏం చాకిరీ ఇది! పట్నంలో ఆఫీసుల్లో వారానికి ఐదు రోజులే పని, తెలుసా? అది కూడా ఎక్కువైందని నాలుగు రోజులకు తగ్గించాలని మాట్లాడుకుంటున్నారు."

"నీకెవరు చెప్పారు?" అంది గౌరక్క. ఆమె గేదె, మాటల్లో మొహమాటం లేని మనిషి. మనిషి అంటే గేదే అనుకోండి.

"హోటల్ వెనక ఎముకల కోసం పోతా కదా అక్కా, కిటికీలోంచి అన్నీ వినపడతాయి. మీకూ వారం తగ్గాలి. మీ మంచి కోరి చెప్తున్నా."

"బాగానే ఉంది. వారానికి నాలుగు రోజులే పాలిస్తా. మిగతా రోజుల పాలు ఎక్కడ దాచుకోను బావా? కొమ్ముల్లోనా?"

పుంజు మెడ సాచింది. "నాకైతే సమ్మతమే. కానీ నేను కూయకపోతే తెల్లవారదే, ఊరంతా ఏమైపోవాలి?"

"పోయిన వానాకాలం నీ గొంతు పట్టేసినప్పుడు తెల్లవారలేదా?" అంది గౌరక్క. పుంజు ఆ తర్వాత చాలాసేపు ఈకలు సర్దుకుంటూ ఉండిపోయింది.

చుక్కల పెట్ట చుక్కమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటూ అంది, "పొదిగేటప్పుడు నేను రెండు రోజులు సెలవు పెడితే గుడ్డులోంచి పిల్ల రాదు, కంపు వస్తుంది. అన్ని పనులకూ సెలవు కుదరదు."

"అన్నిటికీ కుదరదు, నిజమే. కుదిరినవాటికి మంచిదే" అన్నాడు బూదన్న నెమ్మదిగా. "మంగళవారం నేను దున్నిన సాలు చూడండి, దారం పట్టినట్టు ఉంటుంది. ఆదివారం సాలు చూడండి, పాము పోయినట్టు ఉంటుంది. నేల అదే, నాగలి అదే, నేనే మారతా. ఒక రోజు పడుకుంటే తక్కిన రోజుల పని బాగుపడుతుంది."

"మరి వాన వెలిసి నేల దున్నడానికి మంచి పదును మీద ఉన్నప్పుడు సోమవారం వస్తే?" అంది గౌరక్క.

"అప్పుడు ఓబులేసు గట్టు మీద నిలబడి గోళ్లు కొరుక్కుంటాడు. మంగళవారం నాకు నడుము విరుగుతుంది. అదీ ఉంది, లేదనను."

నక్క కళ్లు మెరిశాయి. "విన్నారా పెద్దాయన మాట! కాబట్టి ఎవరికి బాగా అవసరమో వాళ్లతో మొదలుపెడదాం. అదిగో సింగడు! కళ్ల కింద ఆ గుంటలు చూడండి, నాకు ఏడుపొస్తోంది. సోమవారం అతనికీ సెలవు ఇవ్వండి. సంతకు పోయి ఓబులేసు కూడా ఇంట్లో ఉండడు, ఎవరూ అడగరు."

మీకు అర్థమైపోయింది కదా నక్క ఎత్తు? చుక్కమ్మకూ అర్థమైంది. "మరి ఆ రోజు సింగడి పని ఎవరు చేస్తారు?" అంది.

"అబ్బే, ఒక్క రోజుకు ఏమవుతుందక్కా?"

"అది జవాబు కాదు."

అందరూ బూదన్న వైపు చూశారు. సింగడు ఈ గొడవేమీ పట్టకుండా గుంజకు ఆనుకుని తూగుతున్నాడు. అతని తల కిందికి జారి, ఉలిక్కిపడి పైకి లేచి, మళ్లీ జారింది. బూదన్న అది చూస్తూ ఉండిపోయాడు.

"సరే. సోమవారం సింగడికి సెలవు" అన్నాడు.

నక్క దండం పెట్టి వెళ్లిపోయాడు. నడకలో గంతు కనపడకుండా ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు.

చుక్కమ్మ ఎగిరి మేత గాడి మీదికి వచ్చింది. "నీ స్నేహం కోసం నా పిల్లల్ని నక్క నోట్లో పెడతావా బూదన్నా? వాగు ఒడ్డు గుర్తొచ్చిందా?"

"గుర్తొచ్చింది" అన్నాడు బూదన్న. అబద్ధం ఆడటం అతనికి చేతకాదు. "కానీ చెప్పినవాడు దొంగైతే మాత్రం, మాట తప్పు కాదు కదమ్మా. వాడికి నిద్ర కావాలి. లేకపోతే గుట్ట అవతలే."

"మరి నా పిల్లలు?"

బూదన్న నెమరువేశాడు. మళ్లీ నెమరువేశాడు. "నువ్వు అడిగిన మాటే మంచి మాట. ఆ రోజు వాడి పని ఎవరో ఒకరు చెయ్యాలి. ఎవరు చేస్తే బాగుంటుందో చూద్దాం" అని ఆమె చెవిలో ఏదో చెప్పాడు. చుక్కమ్మ అంతసేపూ మొహం ముడుచుకునే వింది, చివర్లో మాత్రం కిసుక్కున నవ్వింది.

సోమవారం వచ్చింది. ఓబులేసు, అతని పెళ్లాం సంతకు బయల్దేరారు. బూదన్న కొమ్ములు ఆముదంతో మెరుస్తున్నాయి. అతనితో జోడీగా కాడి లాగే కోడె వాగుకు పరిగెత్తింది. బూదన్న మాత్రం కదల్లేదు.

"పెదనాయనా, నువ్వు పోలేదే?" అన్నాడు సింగడు.

"ఇవాళ ఇక్కడే సెలవు. నువ్వు పడుకో రా."

"మరి దొడ్డి?"

"నీకెందుకు? పడుకోమన్నానా!"

సింగడు గూటి పక్కన నీడలో ఇలా వాలాడో లేదో, అలా నిద్రలోకి పోయాడు. బూదన్న గడ్డివాము వెనక్కి తప్పుకున్నాడు. చుక్కమ్మ పిల్లలతో గూటి వెనక చేరింది. అక్కడ గోడకు గాలి కోసం పెట్టిన చిన్న కన్నం ఉంది. బయట పిల్లలు కూస్తే లోపల కూసినట్టే వినపడుతుంది.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి నక్క వచ్చాడు. సింగడి ముక్కు దగ్గరే మునివేళ్ల మీద నడిచాడు. గూట్లోంచి కియ్ కియ్ మంటూ లేత గొంతులు. ఇంక ఆగుతాడా? తల దూర్చి, భుజాలు దూర్చి, తోకతో సహా లోపలికి పోయాడు. లోపల ఈకలు తప్ప ఏమీ లేవు.

వెనక్కి తిరిగేసరికి గూడు చీకటైపోయింది. గుమ్మానికి అడ్డంగా బూడిద రంగు వీపు ఒకటి వాలింది.

"బూదన్నా! కాస్త జరుగు!"

"మెల్లగా మాట్లాడు బావా. సింగడు లేస్తాడు."

నక్క గొంతు గుసగుసకు దిగిపోయింది. "నీకు పుణ్యం ఉంటుంది, లే!"

"ఇవాళ సోమవారం. సోమవారం ఎద్దును ఓబులేసే లేపడు. నువ్వు లేపుతావా? నేనేమీ నిన్ను పట్టుకోలేదే. సెలవు కదా, పడుకున్నా. అంతే."

"పోనీ, ఎప్పుడు లేస్తావు?"

"లేవాలనిపించినప్పుడు."

నక్క లోపల గిరగిరా తిరిగాడు. మట్టిగోడ గట్టిది. అరుద్దామంటే పక్కనే కుక్క. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"సింగడికి సెలవు ఇప్పించింది నువ్వే కదా. వాడి పని నువ్వు చెయ్యి. వెనక కన్నం ఉంది చూడు, అందులోంచి ఆకాశం కనపడుతుంది. గద్ద వస్తే చెప్పు."

"నేనా? కోళ్లకు కాపలా?"

"పిల్లకు ఏమన్నా అయితే సింగణ్ణి లేపుతా."

అలా నక్క కన్నానికి కన్ను ఆనించి కూర్చున్నాడు. కన్నం అవతల, కన్నుకు బెత్తెడు దూరంలో, కోడిపిల్లలు బొద్దుగా, మెత్తగా, తీరిగ్గా గింజలు ఏరుకుంటున్నాయి. పాపం, అంతకంటే పెద్ద శిక్ష ఓబులేసు కర్రకు కూడా చేతకాదు.

నిద్రలోనే సింగడు జరిగి జరిగి వచ్చి, బూదన్న ముంగాలి మీద తల పెట్టాడు. బూదన్న ఊపిరి బిగబట్టాడు. తల బరువైంది, మూతి మీద తెల్లవెంట్రుకలు వచ్చాయి. కానీ నిద్రలో పెదవి చప్పరించే తీరు అదే.

"వీడు చిన్నప్పుడూ ఇట్లాగే పడుకునేవాడు బావా" అన్నాడు మెల్లగా. ఇంక ఆపలేదు. వాగు, ఇసుక, కప్పలు, ఆముదం కథ, అన్నీ చెప్పాడు. ఆముదం దగ్గర నక్కకు నవ్వొచ్చి, అరచేత్తో నోరు మూసుకున్నాడు.

కాసేపటికి తనే అన్నాడు, "మా అమ్మ కూడా కడుపు నిండిన రోజు మమ్మల్ని బండ మీద ఎండకు పడుకోబెట్టేది. తోకలన్నీ ఒక్క కుప్ప. ఏది ఎవరిదో తెలిసేది కాదు." ఒక్క క్షణం అతని గొంతులో జిత్తులేవీ లేవు. వెంటనే ఉలిక్కిపడ్డాడు. "గద్ద! గద్ద! గుట్ట వైపు నుంచి!"

చుక్కమ్మ కొక్కొక్కొమని అరిచింది, పిల్లలు రెక్కల కిందికి దూరాయి. గద్ద నేల దాకా వచ్చి ఖాళీ కాళ్లతో పైకి పోయింది. సింగడి చెవి ఒకసారి కదిలింది, అంతే.

"పని బాగానే చేస్తావే!" అంది చుక్కమ్మ కన్నంలోంచి. "రోజూ రాకూడదూ?"

పొద్దు వాలుతుండగా దారిలో మాటలు వినపడ్డాయి. ఓబులేసు తిరిగి వస్తున్నాడు. సింగడు లేచి ఒళ్లు విరుచుకుని, నీళ్ల తొట్టి వైపు నడిచాడు. అప్పుడు బూదన్నకు లేవాలనిపించింది. నక్క గూట్లోంచి బాణంలా దూసుకుపోయాడు, కంచెకు కొంత బొచ్చు అప్పజెప్పి మరీ.

"పెదనాయనా, ఎవరైనా వచ్చారా?"

"నక్క బావ వచ్చాడు. నీ బదులు కాసేపు కాపలా కాసి పోయాడు."

సింగడు అది వేళాకోళం అనుకున్నాడు.

మంగళవారం తెల్లవారకముందే నక్క మళ్లీ వచ్చాడు. ఆకలి మీద ఉన్నాడు, పైగా గుంజకు ఆనుకుని తూగే సింగణ్ణే ఊహించుకున్నాడు. కంచె లోపల కాలు పెట్టాడో లేదో, తుపాకీ పేలినట్టు మొరుగు! గుట్ట ఎక్కేదాకా తరిమాడు సింగడు. ఓబులేసు దుప్పటితోనే బయటికి వచ్చి, గుట్ట వైపు చూసి, "ఓసినీ! ఇది ముసల్ది కాదే, దీనికి నిద్ర చాలలేదంతే" అన్నాడు. కొత్త కూన మాట మళ్లీ ఎత్తలేదు.

ఎర్రగుట్ట మీద నక్క ఆయాసపడుతూ కూర్చున్నాడు. సింగడి వారం ఒక రోజు తగ్గింది. ఆ దెబ్బతో తన వారంలో మాత్రం ఇక ఏ రోజూ తేలిగ్గా గడవదని అప్పుడు అర్థమైందతనికి.

నీతి: మీకు సెలవు ఇప్పిస్తానని వచ్చినవాణ్ణి ఆ రోజు మీ పని ఎవరు చేస్తారో అడగండి, నేను చేస్తానన్నవాడు స్నేహితుడు, ఒక్క రోజుకు ఏమవుతుందన్నవాడు నక్క.