పడవ కదలని రేవులో తాజా చేపలు

మహమ్మారి వచ్చిన ఏడు, పడవలు దింపరాదని రాజాజ్ఞ కావడంతో రేవులో చేపల సంత మూతపడింది. అక్కడ చేపలమ్మేవాళ్లంతా తలోదారి పట్టారు. ఆ జబ్బుకే పెనిమిటిని పోగొట్టుకున్న పైడమ్మ మాత్రం రోజూ వచ్చి ఖాళీ సంతలో కూర్చునేది. ఇంట్లో పలకరించే దిక్కు లేదు.

ఒకనాడు సుంకాధికారి దండపాణి ఆ సంతకు పది గంపల వంజరం చేపలు తెప్పించి, రోగుల సత్రానికి కొనమని రాజవైద్యుణ్ణి పిలిచాడు.

పైడమ్మ ఒక చేప మొప్ప ఎత్తి చూసింది. నల్లగా ఉంది. "ఇవి పాచిపోయాయి బాబూ. కోలుకునేవాళ్లు తింటే మళ్లీ మంచం పడతారు" అంది.

"నోర్ముయ్! ఇవి ఈ పొద్దు పట్టినవే" అని గర్జించాడు దండపాణి.

పైడమ్మ చేతులు జోడించింది. "తప్పయిపోయింది. వైద్యులుగారూ, మరి రాజాజ్ఞ మీరి ఈ పొద్దు పడవ దింపిందెవరో అయ్యగారినే అడగండి."

దండపాణి ముఖం పాలిపోయింది. "ఎవరూ దింపలేదు... ఇవి పాతవే" అని గొణిగాడు. వైద్యుడు గంపలన్నీ ఇసుకలో పాతిపెట్టించాడు.

"ఇంటికెళ్లి మీవాళ్లకు చెప్పమ్మా, మురిసిపోతారు" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

 పైడమ్మ సముద్రం వైపు తిరిగి కూర్చుని, జరిగిందంతా పెనిమిటికి చెప్పుకుంది.