తియ్యని సొరబుర్రలు

చూపు మందగించిన కంపరాజు మేడ దిగేవాడు కాదు. చెవులకు సొరబుర్రలు తగిలించుకుని రోజంతా ప్రజల జేజేలు వింటూ కూర్చునేవాడు. ఒకనాడు తంబుర బుర్రలు చేసే సుంకులమ్మ కొత్త జత తెచ్చింది.

"ఆ పాతవి లేని తీపిని కూడా కల్పిస్తాయి దొరా. ఇవి ఉన్నదున్నట్టు వినిపిస్తాయి."

రాజు పెట్టుకున్నాడు. గాలి ఊళ తప్ప ఏమీ వినపడలేదు.

"మూగ బుర్రలు అంటగడతావా? నీ తల తీయిస్తా!"

"అలాగే దొరా, తలారిని పిలవండి."

"ఎవరక్కడ?" రాజు మూడుసార్లు అరిచాడు. ఎవరూ పలకలేదు.

"మీ కొరడాలకు జడిసి ఊరంతా మొన్ననే వెళ్లిపోయింది. నిన్న మీ తలారి కూడా వెళ్లిపోయాడు. నేనూ చెప్పి పోదామనే వచ్చాను" అంటూ సుంకులమ్మ మెట్లు దిగింది.

రాజు పాత బుర్రలు తగిలించుకుని మళ్లీ పిలిచాడు.

"చిత్తం, మహాప్రభూ!" అంది బుర్ర.